ఎక్స్‌టెన్షన్ల గురప్ప

గురప్ప లోకంలో ఎవరినైనా నమ్ముతాడు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ను తప్ప.

బస్సులో పక్కసీటు మనిషి ఎవరో తెలియకపోయినా, ఆయన పొట్లం విప్పి పెట్టిన శనక్కాయలు మొహమాటం లేకుండా తింటాడు. మదనపల్లె బస్టాండులో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి "అన్నా, ఇప్పుడే వస్తా" అంటే స్కూటర్ తాళంచెవి చేతిలో పెడతాడు. ఆ స్కూటర్ ఒకసారి పెట్రోలు లేకుండా వచ్చింది, ఒకసారి అద్దం లేకుండా వచ్చింది, ఇంకోసారి వేరే రంగులో వచ్చింది. గురప్ప మూడుసార్లూ సంతోషించాడు. అలాంటి మనిషి కంప్యూటర్ ముందు కూర్చోగానే కనుబొమలు ముడేసి, గొంతు తగ్గించి, తెరమీది చిన్న బొమ్మను చూపుడువేలితో పొడుస్తూ "నువ్వెవురు? నిన్ను ఈడికి తెచ్చిందెవురు?" అని అడుగుతాడు.

ఎక్స్‌టెన్షన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఇంటర్నెట్ చూడటానికి బ్రౌజర్ ఉంటుంది కదా, దానికి అదనంగా తగిలించుకునే చిన్న సాధనం అది. ఒకటి ప్రకటనలు ఆపుతుంది, ఒకటి పేజీని పైకి చదివి వినిపిస్తుంది, ఒకటి ఏ వస్తువు ఎక్కడ చవకో చెబుతుంది. ఒక్క నొక్కు నొక్కితే వచ్చి కూర్చుంటుంది. జనానికి అది సౌకర్యం. గురప్పకు మాత్రం అది పిల్లనడగడానికి వచ్చిన పెండ్లికొడుకు.

ఈ సీమలో పిల్లనిచ్చే ముందు నమ్మకమైన మనిషిని ఒకరిని అబ్బాయి ఊరికి పంపడం ఆనవాయితీ. ఆ మనిషి వెళ్ళి టీకొట్టులో కూర్చుని, ఏదో పనిమీద వచ్చినట్టు నటిస్తూ, అబ్బాయి తాగుతాడా, నోరు మంచిదేనా, ఇదివరకు ఎక్కడైనా సంబంధం చెడిందా అని గుట్టుగా కనుక్కుని వస్తాడు. గురప్ప ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ ఈ విచారణ పెడతాడు. తయారుచేసిందెవరు, వాళ్ళకు ఇంకేమైనా సంతానం ఉందా, ఇంతకుముందు ఎవరి కొంపైనా ముంచిందా, లోపం బయటపడితే ఎన్నాళ్ళకు సరిచేశారు, అన్నీ కావాలి ఆయనకు.

ఈ విచారణ బాధ పుంగనూరులో స్వర్ణ పడినంతగా ఇంకెవరూ పడలేదు. బస్టాండు దగ్గర ఆమెకో ఆన్‌లైన్ సెంటర్ ఉంది. తల్లి ఒకరి తోటల్లో టమాటాలు కోసి పెంచిన పిల్ల. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని పనిచేసిన మొదటి మనిషి తనే కాబట్టి, ఆ సెంటర్ అంటే స్వర్ణకు ప్రాణం. కంప్యూటర్లు చూసిపెట్టడానికి మదనపల్లె నుంచి గురప్పను పిలిపించుకోవడం మాత్రం తన స్వయంకృతమేనని ఆమె చాలాసార్లు అనుకుంది.

మొదటిరోజే ఆయన తెర మూలలో వేలు పెట్టాడు.

"ఇదెవురమ్మా?"

"వాన వస్తాదో రాదో చెప్తాది అన్నా."

"చెప్పనీ. బదులుగా ఏం అడుగుతాండాది?"

స్వర్ణ చదివింది. మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి అనుమతి.

"వాన సంగతి చెప్పేదానికి నీ బ్యాంకు పేజీ యాల సదవాల?"

"అందరూ పెట్టుకునేదేలే అన్నా."

"పెండ్లిచూపులకు వచ్చినోడు కాఫీ తాగేసి, బీరువా తాళాలు యాడుండాయమ్మా అంటే ఇస్తావా?"

"ఇయ్యను."

"మరి?"

వాన సంబంధం తప్పిపోయింది. బాణం గుర్తు కదిలితే పూలు రాల్చే ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉండేది. దాన్ని తయారుచేసినవాడు తన ఊరూ పేరూ రాయలేదని అదీ పోయింది. పండగ మరుసటిరోజు తోరణాలు పీకేసిన వాకిలిలా ఉంది స్వర్ణకు ఆ తెర. ప్రకటనలు ఆపేది ఒక్కటే విచారణలో నెగ్గింది. "మంచి కుటుంబం" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. అయినా వచ్చినప్పుడల్లా దాన్ని పలకరించేవాడు.

"చేతులేమన్నా మారినావా?"

"దాన్నెందుకన్నా రోజూ ఏడిపిస్తావు?"

"మంచోడు తయారుచేసిందాన్ని ఇంకెవురికో అమ్మేస్తారమ్మా. పేరు అదే ఉంటాది. బుద్ధి మారిపోతాది. మనకు కబురు కూడా పంపరు."

ఈ విచారణకు వేళాపాళా లేదు. కుప్పంలో ఒక పెండ్లికి వెళ్ళి, పంక్తిలో కూర్చుని సాంబారన్నం కలుపుతుండగా ఆయన కన్ను కల్యాణమంటపం మూలనున్న ల్యాప్‌టాప్ మీద పడింది. రాలేని చుట్టాల కోసం పెండ్లిని దాంట్లో ప్రసారం చేస్తున్నారు. ఆ ల్యాప్‌టాప్ బ్రౌజర్ నిండా ఎక్స్‌టెన్షన్లు పిచ్చుకల్లా బారులు తీరి కూర్చున్నాయి. గురప్ప తట్టుకోలేకపోయాడు. కుడిచేయి ఎంగిలి కాబట్టి గాల్లో పట్టుకుని, ఎడమచేత్తో మౌస్ అందుకున్నాడు. సరిగ్గా తాళి కట్టే సమయానికి బెంగళూరులోని బంధువులకు తాళి కనపడలేదు, "ఈ ఎక్స్‌టెన్షన్‌ను తొలగించాలా?" అన్న ప్రశ్న కనపడింది. వాళ్ళు అక్షింతలు దానిమీదే చల్లారట.

ఇంకోసారి పుంగనూరు నుంచి మదనపల్లె పోయే బస్సులో ఫోనులో ఎవరికో గట్టిగా చెబుతున్నాడు. "మొన్నటిదాకా బుద్ధిమంతుడే. ఇప్పుడు చేతులు మారినాడు. రాత్రనక పగలనక అన్నిట్లో తొంగి సూస్తాండాడు. ఇంట్లో ఒక్క నిమిషం కూడా పెట్టుకోవద్దు, తరిమెయ్." ముందుసీటులోని బుజ్జమ్మ అనే పెద్దావిడ వెనక్కి తిరిగి ఆయన చేయి పట్టుకుంది. "నాయనా, నీకు పుణ్యముంటాది, ఆ పిల్లోడిది ఏ ఊరో చెప్పిపో. మా మనవరాలికి సంబంధాలు సూస్తాండాం." గురప్ప దిగేదాకా ఆమెకు బ్రౌజర్ గురించి చెప్పాడు. ఆమె అంతా విని, ఆ బ్రౌజరోళ్ళతో మనకు వియ్యం వద్దులే అనుకుని దిగిపోయింది.

స్వర్ణకు ఇంకొక కోపం కూడా ఉండేది. ఫోన్ చేస్తే గురప్ప దొరకడు. పొద్దున చేసినా బిజీ, మధ్యాహ్నం చేసినా బిజీ. మూడు ఊళ్ళలో నాలుగు కంప్యూటర్లు బాగుచేసుకునే మనిషికి అన్ని మాటలేముంటాయో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఇంతలో కాలేజీ అడ్మిషన్ల సీజన్ వచ్చింది. ఆన్‌లైన్ సెంటర్‌కు అది పంటకాలం. ఒక్కో పిల్లకు అయిదారు కాలేజీలకు అప్లికేషన్ పెట్టాలి, ప్రతిదాంట్లోనూ అదే పేరు, అదే తండ్రి పేరు, అదే చిరునామా కొట్టాలి. గది యజమాని మాధవీలత ముందే చెప్పేసింది, "ఈ సీజన్లోనన్నా జనం కనపడకపోతే గది సెల్‌ఫోన్లోళ్ళకు ఇచ్చేస్తానమ్మా, ఏమనుకోవద్దు" అని. ఎదురుగా శివకుమార్ కొత్తగా పెట్టిన సెంటర్ కళకళలాడుతోంది. స్వర్ణను కాపాడేది ఒక్కటే. అది ఫారాలు నింపే ఎక్స్‌టెన్షన్. వివరాలు ఒకసారి దాస్తే చాలు, ఎన్ని ఫారాలైనా రెప్పపాటులో నింపేస్తుంది. గురప్ప విచారణలో కూడా అది గట్టెక్కింది.

సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు, జనం వరస మెట్లు దిగి రోడ్డుమీదికి వచ్చిన పూట, గురప్ప బస్సు దిగి నేరుగా లోపలికి వచ్చాడు. "లెయ్యమ్మా" అన్నాడు. ఆమె లేచింది. ఆయన కూర్చుని, ఫారాలు నింపే ఎక్స్‌టెన్షన్ దాచుకున్న వివరాలన్నీ చెరిపేసి, దాన్నీ తీసేశాడు.

"ఏం చేస్తాండావు అన్నా?" స్వర్ణ మౌస్ లాక్కోబోయింది.

"దాంట్లో లోపం బయటపడింది. నువ్వు ఏ పేజీ తెరిచినా, ఆ పేజీ లోపల్నుంచి గుట్టుగా అడిగితే ఇది దాచిందంతా ఇచ్చేస్తాదంట. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, అన్నీ. ఇంకా సరిచెయ్యలేదు వాళ్ళు."

"నువ్వే గదా మంచోడంటివి."

"ఇప్పుడూ మంచోడేనమ్మా. దొంగ కాడు. ఎవురొచ్చి అడిగినా లేదనలేడు, అదే తంటా."

"అచ్చం నీ మాదిరే ఉండాడు" అంది స్వర్ణ.

గురప్ప తల గోక్కున్నాడు. స్వర్ణ కళ్ళముందే వరస చివరినుంచి విరిగి ఎదురుసెంటర్‌వైపు నడుస్తోంది. వరసలో ఉన్నవాళ్ళంతా తన చేతికి ఫోన్లు కూడా ఇచ్చేసి నమ్మకంగా నిలబడే మనుషులని ఆమెకు తెలుసు. ఆ వివరాలు బయటికి పోతే తను పుంగనూరులో తలెత్తుకు తిరగలేదనీ తెలుసు. కానీ గది పోతే తలెత్తడానికి చోటు కూడా ఉండదు. భయమంతా కోపమై వచ్చింది.

"నువ్వు సల్లగా తీసేసి బస్సెక్కి పోతావు. ఈడ చచ్చేది నేను. ఇంక నా అంగడికి రావద్దన్నా."

గురప్ప సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. స్వర్ణ ఆ రోజంతా చేత్తోనే కొట్టింది. సగం వరస తిరిగి వెళ్ళిపోయింది. ఇంటికి పోతూ ఆమె దారిలో ఏడ్చింది.

మరునాడు పొద్దున వచ్చేసరికి మూసిన షట్టర్ ముందు గురప్ప నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక పాత కీబోర్డూ, చంకలో మడత స్టూలూ ఉన్నాయి.

"రావద్దన్నా గదా?"

"గురప్పను రావద్దన్న్యావు. నేను ఆ తీసేసినదాని బదులు వచ్చినా."

రెండో కంప్యూటర్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. స్వర్ణ మనసు కాస్త మెత్తబడింది, ఆయన టైపు చేయడం చూసేదాకా. ఒక్క చూపుడువేలు. ఆ వేలు కీబోర్డు మీద గద్దలా తిరిగి తిరిగి, 'వి' దొరకగానే దిగి, మళ్ళీ పైకి లేచి 'ఈ' కోసం వెతికేది. "పేరేమ్మా?" అని అడిగి, పేరు సగం కొట్టేసరికి ఇంటిపేరు మరచిపోయి మళ్ళీ అడిగేవాడు. ఇంత నెమ్మదైన ఎక్స్‌టెన్షన్ ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ తయారుచేసి ఉండరని స్వర్ణకు నమ్మకం కలిగింది.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. స్పీకర్ మీదే మాట్లాడే అలవాటు ఆయనది.

"గురప్పా, జయచంద్రను. కోలారులో టమాటా ఎట్లుండాది?"

"నిన్నటికంటే పైనే అన్నా. మబ్బు పట్టిందంట. మీరు తొందరపడి అమ్ముకోవద్దు."

జయచంద్ర మదనపల్లె టమాటా మార్కెట్లో మండీ యజమాని. ధరలు చెప్పే ఎక్స్‌టెన్షన్‌ను గురప్ప తీసేశాడని అప్పట్లో ఊరంతా వినేలా తిట్టిన మనిషి. స్వర్ణ చేతులు ఆగిపోయాయి. కొంచెంసేపటికి మళ్ళీ ఫోన్.

"ఒరే, సదవతావా, సదవవా?"

"ఒక్క నిమిషం అవ్వా. నాష్టా తిన్న్యావా?"

"తింటి. హత్యలేమన్నా ఉండాయా?"

ఈవిడ కుప్పంలో ఉండే కృష్ణమ్మ, రిటైరైన టీచరు, చూపు బాగా తగ్గింది. పేజీలు చదివి వినిపించే ఎక్స్‌టెన్షన్ ఆమె ల్యాప్‌టాప్‌లో ఉండేది. పింఛను పేజీలోకి కూడా తొంగిచూస్తోందని గురప్ప దాన్ని ఊడబీకాడు. ఇప్పుడు పేపరు విప్పి తనే చదువుతున్నాడు.

"వి.కోట రోడ్డులో ఇద్దరు అన్నదమ్ములు గొడవపడి, ఒకరినొకరు ఒక వస్తువుతో కొంచెం ఇబ్బంది పెట్టుకున్నారంట."

"ఏ వస్తువురా?"

"అది రాయలేదవ్వా."

"రాసింటారు. నువ్వే దాటేస్తాండావు. నాకు గుడ్డితనమే గాని పిరికితనం లేదు, సరిగ్గా సదువు."

వరసలో నిలబడినవాళ్ళు నవ్వారు. స్వర్ణకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నాళ్ళ బిజీ ఇదన్నమాట. ఏది తీసేస్తే దాని పని ఈయనే మోస్తున్నాడు. తీసేసినవన్నీ తలచుకుంటే ఆమెకే ఆయాసం వచ్చింది.

"ఎంతమందికి చేస్తాండావన్నా ఇట్ల?"

గురప్ప దొంగతనం బయటపడినవాడిలా చూశాడు. "ఇదంతా భద్రత కోసమేనమ్మా. పని ఆగిపోతే వాళ్ళు మళ్ళా దాన్నే తెచ్చి పెట్టుకుంటారు. అందుకని. అంతకుమించి ఏం లేదు."

భద్రత సంగతి ఎలా ఉన్నా వరస కదలడం లేదు. బి.ఎడ్.కు అప్లికేషన్ పెట్టడానికి చంటిపిల్లతో వచ్చిన మమత ఆ చూపుడువేలిని చాలాసేపు ఓర్చుకుంది. ఆమె పెండ్లికి ముందు బెంగళూరులో డేటా ఎంట్రీ చేసిన మనిషి. చివరికి ముందుకొచ్చి పాపను గురప్ప ఒళ్ళో పెట్టేసింది.

"నువ్వు లెయ్యన్నా. దీన్ని పట్టుకో, నేను కొడతా."

మమత వేళ్ళు పడుతుంటే వడగండ్ల వాన కురిసినట్టు చప్పుడైంది. తన ఫారం పక్కన పెట్టి ముందున్నవాళ్ళవి కొట్టసాగింది. అది చూసి వరసలో టైపింగ్ వచ్చిన ఇంకో ఇద్దరు ఆడపిల్లలు స్వర్ణ పక్కన చేరారు. ఒకరు వివరాలు చదవడం, ఒకరు కొట్టడం, ఒకరు తప్పులు చూడటం. ఎవరి పని అయిపోయినా పోయేవాళ్ళు కాదు, తర్వాతివాళ్ళది అందుకునేవాళ్ళు. మమత ఆ రోజుతో ఆగలేదు. అప్పటినుంచి పొద్దున్నే పాపను తెచ్చి గురప్పకు అప్పగించి, సాయంత్రం తీసుకుపోయేది.

గురప్పకు తగిన పని ఇన్నాళ్ళకు దొరికింది. భుజానికి పాపను ఆనించుకుని వరసలోవాళ్ళకు ఎక్స్‌టెన్షన్ల గురించి చెబుతూ తిరిగేవాడు. కృష్ణమ్మ ఫోన్ చేస్తే, "సంటిపాప ఉండాది అవ్వా, హత్యలు చిన్న గొంతుతో సదవతా" అనేవాడు. ఆ సెంటర్లో మన వివరాలు దాచిపెట్టరంట, మనవాళ్ళే కూర్చుని కొడతారంట అని మాట పాకింది. ఎదురుసెంటర్‌కు పోయినవాళ్ళు కొందరు తిరిగి వచ్చారు. చివరికి శివకుమార్ కూడా వచ్చి, "గురప్పన్నా, మా దాంట్లో కూడా అదేదో ఉండాదేమో వచ్చి సూడు" అన్నాడు. గురప్ప పాపతో సహా రోడ్డు దాటి వెళ్ళి వచ్చాడు.

అప్లికేషన్లకు ఆఖరిరోజు సాయంత్రం మాధవీలత గది చూసుకోవడానికి వచ్చింది. ఆమెకు లోపల కాలు పెట్టే చోటు దొరకలేదు. గుమ్మంలోంచే కాసేపు చూసి, "సెల్‌ఫోన్లోళ్ళకు వేరే గది సూపిస్తాలే" అని స్వర్ణకు చెప్పి వెళ్ళిపోయింది. స్వర్ణ వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. అంత సంతోషం ఆమెకు ఆ గదిలో తొలిరోజు షట్టర్ ఎత్తినప్పుడు కూడా కలగలేదు.

జనం తగ్గారు. మమత ఇన్నాళ్ళూ పక్కన పెట్టుకున్న తన ఫారం అప్పుడు తీసింది. గురప్ప స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడు. పాప ఆయన భుజం మీద నిద్రపోయింది. జేబులో ఫోన్ మోగింది. తీసుకోమని ఆయన స్వర్ణకు కళ్ళతో సైగ చేశాడు.

"ఏరా, ఈ పొద్దు ఇంత ఆలస్యమా?"

"అవ్వా, నేను పుంగనూరు స్వర్ణను. గురప్పన్న భుజం మీద పాప నిద్రపోతాండాది."

"అట్లనా. లేపొద్దు. నువ్వు సదువు."

స్వర్ణ పేపరు అందుకుని చదివింది. ఆమెకు దాటేయడం తెలియదు. కత్తి పొడవు, రక్తం, పారిపోయిన దారి, అన్నీ చదివింది. అవతల కృష్ణమ్మ తృప్తిగా నిట్టూర్చింది.

"ఎన్నాళ్ళకు ఒక మంచి వార్త విన్న్యానమ్మా."

"ఇంక కొన్నాళ్ళేలే అవ్వా. ఆ సదివే ఎక్స్‌టెన్షన్ను సరిచేసినారంట. అన్న వచ్చి మళ్ళా నీ ల్యాప్‌టాప్‌లో పెడతాడు."

"ల్యాప్‌టాపా? నా దగ్గర యాడుండాది? పోయిన ఉగాదికే బడిపిల్లోళ్ళకు ఇచ్చేస్తిని గదమ్మా. ఆటోలో పెట్టుకుని పోయి ఇచ్చొచ్చింది వాడే."

స్వర్ణ ఫోన్ చెవిదగ్గరే ఉంచుకుని గురప్పవైపు తిరిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"భద్రత కోసం..." అని మొదలుపెట్టాడు.

"లేని ల్యాప్‌టాప్‌కు ఏం భద్రతన్నా?"

గురప్ప నిద్రపోతున్న పాప వీపు మీద మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. ఆ మనిషిని ఈ గదిలోంచి పొమ్మన్నది తనేనని గుర్తొచ్చి స్వర్ణకు సిగ్గేసింది, దాని వెనకే ఆయన మీద ఎక్కడలేని ప్రేమా ముంచుకొచ్చింది. పక్కన మమత "నా ఫారం కూడా పంపేసినా" అని కుర్చీలో వెనక్కి వాలింది. ఫోనులో కృష్ణమ్మ అసహనంగా దగ్గింది.

"ఏమ్మా, ఉండావా? రెండో పేజీ తిప్పు. ఆడ ఇంకా బాగుంటాయి."

"తిప్పతాండా అవ్వా" అని స్వర్ణ కుర్చీ లాక్కుని కూర్చుంది.